ఆంటీ అరగంట

అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటున్న రోజుల్లో మా హాస్టల్ ఆంటీ నోటికి అందరం భయపడేవాళ్ళం. గీజరు ఆపలేదని, గేటు వెయ్యలేదని వారమంతా ఆవిడ అరుపులే. శనివారం పొద్దున ఒక్క అరగంట మాత్రం నేను ఆవిడ మీద అరిచేదాన్ని.

ఎముకలు గుల్లబారాయని డాక్టరు ఆవిడకి వారానికొక మాత్ర రాసిచ్చారు. శనివారం పూజ కాగానే దాన్ని ఉద్ధరిణెడు తీర్థంతో మింగి, కాసేపు నడుం వాల్చేది. ఒకరోజు గుండెల్లో నిప్పు పెట్టినట్టుందని విలవిల్లాడింది. గుండెపోటేమోనని ఆటోలో పంజాగుట్ట ఆసుపత్రికి తీసుకెళ్ళాను. తీరా చూస్తే ఆ మాత్రే గొంతు కింద అతుక్కుపోయి పుండు చేసిందట.

"గ్లాసు నిండా మంచినీళ్ళతో వేసుకోవాలమ్మా. అరగంట దాకా పడుకోకూడదు, వంగకూడదు, కాఫీ కూడా తాగకూడదు," అన్నారు డాక్టరు. పుండు మానాకే ఆ మాత్ర మళ్ళీ మొదలుపెట్టనిచ్చారు.

కూర్చోవచ్చన్నా ఆవిడ కూర్చుంటే కదా! వరండాలో ఆ చివర్నుంచి ఈ చివరికి తిరుగుతూనే ఉండేది. మధ్యలో కింద పడున్న చీపురు కోసమో, పాల ప్యాకెట్ల కోసమో చెయ్యి చాచేది.

"వంగొద్దన్నానా!" అని అరిచేదాన్ని.

"అబ్బ, ఏం నోరే నీది!" అనేది.

ఉద్యోగమొచ్చి నేను గది ఖాళీ చేసింది కూడా శనివారమే. తిరుగుతూ తిరుగుతూ నా సూట్‌కేసు ఎత్తడానికి ఆవిడ వంగబోయింది.

"ఆంటీ! ఇంకా అరగంట కాలేదు!"

ఆవిడ నిటారుగా లేచి, మొదటిసారి ఒకచోట నిలబడింది.

"వచ్చే శనివారం ఎవరే అరిచేది?" అంది.