నదీమ్ పక్కన చోటు

కైకలూరు ఖబరస్తాన్‌లో గోతులు తవ్వే అబ్దుల్ జబ్బార్ ఉత్త మెతకమనిషండీ. ఎవరు పోయినా పలుగూ పారా పట్టుకుని ముందు వెళ్ళేది ఆయనే. నోరంతా ఆయన భార్య హలీమాది. ఆవిడ నవ్విందంటే వీధి చివరికి వినపడాల్సిందే.

ఓ సాయంత్రం టీవీలో చెప్పారు, సముద్రం పెరుగుతోందట, కొన్నాళ్ళకి కొల్లేటి ఊళ్ళు మునిగిపోతాయట. జబ్బార్ గుండె గుభేలుమంది. హలీమా మాత్రం పకపకా నవ్వేసింది.

“అయితే ఏవండీ, ఏలూరు బజారుకి పడవ మీదే వెళ్ళాలన్నమాట! నేను చీర బేరమాడేదాకా మీరు గెడ పట్టుకుని నించోవాలి. కోపమొచ్చినా నన్ను వదిలేసి రావడానికి లేదు, నాకు ఈత రాదు!”

“అప్పటికి మనం ఉంటామా ఏమిటే?”

“ఎందుకుండం? నదీమ్ పక్కనే ఉంటాం.” ఆవిడ నవ్వు ఆగిపోయింది. “నన్ను వాడి పక్కనే పెట్టండి. వాడికి నీళ్ళంటే భయం కదా.”

నదీమ్ వాళ్ళకి ఒక్కగానొక్క కొడుకు. చిన్నప్పుడే జ్వరమొచ్చి పోయాడు. స్నానానికి చెంబెత్తితే చాలు, ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చేవాడు. జబ్బార్ సరేనని మాటిచ్చాడు.

ఉప్పుటేరు వెంట సముద్రపు నీరు ఏటేటా ఎగదన్నుతూనే ఉంది. ఖబరస్తాన్ పల్లంలో ఎక్కడ తవ్వినా ఉప్పునీరు ఊరేది. “ఇక్కడొద్దండీ, మెరకలో పెడదాం” అని జబ్బారే అందరికీ నచ్చజెప్పేవాడు. పక్కింటి సాజిద్ తన తల్లిని తండ్రి పక్కన పెట్టాలని ఎంత బతిమాలినా వద్దన్నది ఆయనే. నదీమ్ ఉన్న మూల కూడా పల్లమేనండీ. కానీ అక్కడ నేల పొడిగానే ఉందని ఆయన నమ్మకం. అటువైపు ఎప్పుడూ పలుగు వెయ్యలేదు.

రెండు వేల తొమ్మిదిలో హలీమా గుండె ఆగి పోయింది. గొయ్యి ఎవర్నీ తవ్వనివ్వలేదు జబ్బార్. నదీమ్ పక్కనే తనే దిగి తవ్వాడు. నడుం లోతుకి వచ్చేసరికి కాళ్ళకి చల్లగా తగిలింది. బకెట్ తెప్పించుకుని తోడాడు. తోడినకొద్దీ ఊరుతోంది. అవతల మసీదులో జనాజా మోసుకురావడానికి సిద్ధమైపోయింది, ఆలస్యం చెయ్యకూడదు. అయినా పిచ్చివాడిలా తోడుతూనే ఉన్నాడు.

సాజిద్ దిగి బకెట్ పట్టుకున్నాడు. “చాచా, మా అమ్మప్పుడు మీరేం చెప్పారండీ?”

సాజిద్ దెప్పాలని అనలేదు, పాపం. జబ్బార్ బకెట్ వదిలేశాడు. అప్పుడు చూశాడు, నీరు ఎటు నుంచి ఊరుతోందో. నదీమ్ వైపు గోడలోంచి.

“నా బిడ్డ ఇన్నాళ్ళూ ఇందులోనే ఉన్నాడురా, సాజిద్!” అని గొల్లుమన్నాడు.

హలీమాని మెరకలోనే పెట్టారు. అందరూ వెళ్ళిపోయాక జబ్బార్ పల్లంలోకి దిగి, కొడుకు దగ్గర కూర్చున్నాడు.

“అమ్మ మెరకలో ఉందిరా నాన్నా, తడవదు. నీ సంగతి అమ్మకి తెలియదులే. నేను చెప్పలేదు.”