ఎర్రగడ్డలు కోసిన కత్తి

విడపనకల్లు దగ్గర ఒక పల్లెలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి, మిరప తోటలు కళ్లముందే ఎండిపోతుంటే, రైతులు కరెంటు ఇంజనీరును పంచాయతీ ఆఫీసులో కూర్చోబెట్టి బయట గడియ పెట్టారు. అంతవరకు నిజం. నా నవల పుట్టింది అక్కడే. గుంతకల్లులో దాని మీద సభ పెడితే హాలు కిక్కిరిసిపోయింది. కాదులెండి, ముందు వరుసలే నిండలేదు.

"ఇదంతా మీరు కళ్లారా చూసిందేనా?" అని ఒక పంతులమ్మ అడిగింది.

చేతిలో మైకుంటే నాకు వయసు తగ్గుతుంది. "చూడకుండా రాస్తానా తల్లీ? కిటికీ బయటే ఉన్నాను. ఇంజనీరు గొంతు మీద వేటకొడవలి పెట్టిన ఆ కుంటికాలి రైతును ఇప్పుడు చూసినా గుర్తుపడతాను" అన్నాను.

చప్పట్లు. ముందు వరుసలో తెల్లచొక్కా ఆయన ఒకరు ఫోనులో నన్ను వీడియో తీస్తున్నారు. మురిసిపోయి కాస్త అటు తిరిగి నిలబడ్డాను.

టీ కోసం సభ ఆపినప్పుడు ఒక రైతు కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"ఏం సామీ, గుర్తుపట్టినావా?"

"అది కల్పన కదప్పా" అన్నాను.

"కాలు నాది, కల్పన నీదా? కట్టేసిన గొడ్డుకే మేత ఎయ్యకుండా ఉండము, మనిషిని పస్తు పెడతామా? ఆ పొద్దు ఆయప్పకు సంగటి చేసి పెట్టినాము. నా చేతిలో ఉండింది ఎర్రగడ్డలు కోసే కత్తి. ఇంగో ఎర్రగడ్డ కొయ్యమని అడిగి మరీ తినినాడు. బయటికి పోయినాక కత్తితో బెదిరించినానని కేసు పెట్టినాడు. చూసినామని చెప్పేవాడు ఒగడూ లేడు కాబట్టి ఇంతవరకు బయట తిరుగుతాండా. నిజం చెప్పు, ఆ పొద్దు యాడుంటివి?"

"ఈడనే, గుంతకల్లులో. టీ అంగట్లో విన్నా."

"ఆ మాటే మైకులో చెప్పు సామీ. నీకు దండం పెడతా."

సభ మళ్లీ మొదలు కాగానే చెప్పాను. ఆ ఊరి మొహం ఎరగననీ, కొడవలి నా తలలో పుట్టిందేననీ. జనం విరగబడి నవ్వారు.

"పెద్దాయన మళ్లీ కథలు మొదలుపెట్టినాడప్పో!" అన్నారెవరో. అధ్యక్షుడు నా వినయాన్ని మెచ్చుకుని శాలువా కప్పాడు.

ఈ మాట కూడా ఫోనులోకి ఎక్కిందా అని ముందు వరుస వైపు చూశాను. తెల్లచొక్కా ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. దిగివచ్చి ఆయన ఎవరని రైతును అడిగాను.

"ఇంజనీరు బామ్మర్ది" అన్నాడు తల ఎత్తకుండా. "టీ గూడా తాగకుండా పోయినాడు."