పరగడుపున రెండు కాయం ఉండలు

తెలివితక్కువతనానికి పోటీలు పెడితే నాకు జిల్లా స్థాయిలో కప్పు తెచ్చిపెట్టే ఘనకార్యం ఒకటుంది. మా ఇంట్లో దాని మాట పిల్లల ముందు ఎత్తనివ్వను. ఇన్నేళ్ళకు మీకు చెప్పేస్తున్నాను. మీరు నవ్వండి, పర్వాలేదు. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తొంభైల చివర్లో మాట. కడుపుతో ఉన్నప్పుడు నాకు షుగర్ వచ్చింది. కాన్పుతో తగ్గింది గానీ, ఆరు వారాలయ్యాక పరగడుపున రక్తపరీక్ష చేయించుకు రమ్మని డాక్టరమ్మ మరీ మరీ చెప్పారు. అప్పటికి నేను రామచంద్రపురంలో, పుట్టింట్లో బాలింతను. అంటే మా అమ్మ చేతిలో ఖైదీని. చెవుల్లో దూది, తలకు గుడ్డ, తెల్లవారగానే నోట్లో బాలింతలకు పెట్టే కాయం ఉండ.

పరీక్ష రోజు పొద్దున్న కూడా అమ్మ ఉండలు పట్టుకొచ్చింది.

"ఏమీ తినకూడదన్నారమ్మా."

"ఇది తిండేంటే? మందు."

ఆ మాట నాకెంత సబబుగా తోచిందో! రోగి కోరిందీ కాయమే, అమ్మ ఇచ్చిందీ కాయమే. రెండు మింగి, మూతి తుడుచుకుని, రిక్షాలో ల్యాబుకు వెళ్ళి, కటిక ఉపవాసంలో ఉన్న మునిపత్నిలా చెయ్యి చాపాను.

సాయంత్రం రిపోర్టు వచ్చింది. షుగర్ ఎక్కువ. డాక్టరమ్మేమో ఊళ్ళో లేరు, ఐదు రోజులకు గానీ రారట. రాజమండ్రిలో ఉన్న మా ఆయనకు ఫోన్ చేశాను.

"ముందు అన్నం మానెయ్," అన్నారాయన, తనే పెద్ద డాక్టరైనట్టు. "పళ్ళు మానెయ్. మా ఆఫీసులో ఒకాయన రోజూ కాకరకాయ రసం తాగుతాడు."

"ఎలా ఉన్నాడండి?"

"సెలవులో ఉన్నాడు."

ఇక నా వైద్యం నేనే మొదలుపెట్టాను. పూటకు రెండు పుల్కాలు, కాకరకాయ కూర, కన్నీళ్ళు. అన్నం మానేశాను, అరటిపండు మానేశాను. కాయం మాత్రం మానలేదు. మందు మానకూడదు కదండీ! మూడో రోజుకు పాలు చాలక పిల్లాడు వీధి వీధంతా వినేలా ఏడ్చాడు. నాలుగో రోజు వాణ్ని ఎత్తుకోబోయి, కళ్ళు తిరిగి మంచం మీద కూలబడ్డాను. వీడు పెద్దయ్యేదాకా నేనుంటానా అని నిజంగానే భయం వేసింది. అమ్మ నన్ను పొదివి పట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే, నీరసం తగ్గుతుందని ఇంకో ఉండ పెట్టింది.

ఐదో రోజు ఇద్దరం డాక్టరమ్మ ముందు కూర్చున్నాం.

"పరీక్షకు ముందు ఏమైనా తిన్నారా?"

"మంచినీళ్ళయినా ముట్టలేదండి," అన్నాను, దీనంగా.

అమ్మకు పౌరుషం వచ్చింది. "ఖాళీ కడుపుతో ఎందుకు పంపుతామండి? కాయం పెట్టే పంపాను. రెండు ఉండలు!"

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టారు. "అందులో ఏమేం వేస్తారండి?"

"శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, నెయ్యి..."

"బెల్లం?"

"బెల్లం లేకపోతే ఉండ ఎలా కడతామండి?"

డాక్టరమ్మ నా వైపు తిరిగారు. "మీరేం చేస్తుంటారమ్మా?"

"హైస్కూల్లో టీచర్నండి."

"ఏ సబ్జెక్టు?"

నేను నేల చూపులు చూశాను. అమ్మ గర్వంగా చెప్పింది. "సైన్సండి!"

ఆవిడ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "ముందు కడుపు నిండా తినండి. పాలిచ్చే తల్లి పస్తులుండకూడదు," అన్నారు నాతో. తరవాత అమ్మతో, "బెల్లం ఆపండి. రోజూ ఓ గంట పిల్లాణ్ని మీరు పట్టుకోండి. అమ్మాయి కాసేపు నడవాలి, కాసేపు పడుకోవాలి," అన్నారు. వారం తరవాత నిజంగా పరగడుపున మళ్ళీ పరీక్ష చేయిస్తే అంతా మామూలుగానే ఉంది. "పోయింది కదా అని వదిలేయకండి. ఏడాదికోసారి చూపించుకోవాలి," అని మరీ పంపారు.

అందుచేత, సకల బాలింతల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఏటా ఆ పరీక్ష రోజు పొద్దున్న మందన్నా, ప్రసాదమన్నా, తీర్థమన్నా, ఎవరు ఏ పేరుతో ఏం తెచ్చినా సరే, సూది దిగేదాకా నోరు తెరవను. ఆవలింత వచ్చినా తెరవను.