మా లెఫ్ట్ వింగ్ నూకరాజు

ఇప్పటికీ నమ్మలేకపోతున్నాను.

నిన్న మధ్యాహ్నం పని మీద బొబ్బిలిలో ఉన్నాను. మా టీమ్ గోల్‌కీపర్ ఫోన్ చేశాడు.

"బావా, నూకరాజు పోనాడు."

ఏ నూకరాజురా అని అడిగాను. మా ఊళ్లో ఉన్న నూకరాజులందరూ గుర్తొచ్చారు, వాడొక్కడు తప్ప.

పిడుగు పడిందట.

చేపల వేట నిషేధం కదా, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. వాన మొదలైందని వలల మీద టార్పాలిన్ కప్పుతున్నాడట. అంతే.

పిడుగేంటండీ అసలు?

టీబీ ముదిరి సగం ఊపిరితిత్తులు పాడైతే, విశాఖలో ఆపరేషన్ చేయించుకుని, ఎముకల గూడై ఇంటికొచ్చి, మళ్లీ బూట్లు కట్టినవాడు. వాడికింక ఏమీ కాదని గట్టిగా నమ్మేశాం.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. నూకరాజు నాకు వరసకి బావ. మా ఊరి ఫుట్‌బాల్ టీమ్‌లో లెఫ్ట్ వింగర్. టీమ్‌లో అందరం వేటకెళ్లే ఇళ్లవాళ్లమే.

మా పడవల్లో ఒక పద్ధతుంది. మనిషి మంచాన పడితే, తిరిగొచ్చేదాకా వాడి చోట్లో ఇంకొకరిని ఎక్కించరు. మేం ఆ పద్ధతిని గ్రౌండ్‌లోకి తెచ్చాం. వాడు లేనన్నాళ్లూ పదిమందితోనే ఆడాం. ప్రతి మ్యాచ్‌లోనూ చిత్తుగా ఓడాం. టౌన్ టీమ్స్‌వాళ్లు పిచ్చోళ్లని నవ్వారు. నవ్వుకోనీ అనుకున్నాం.

వాడు తిరిగొచ్చిన మ్యాచ్‌లో ఇంకా పెద్ద పిచ్చిపని చేశాం.

ప్రేమ ఎక్కువైపోయి ప్రతి పాసూ వాడికే ఇచ్చాం. గోల్ ఎదురుగా ఖాళీగా ఉన్నా సరే, వెనక్కి తిప్పి వాడికే. అవతలి టీమ్‌కి విషయం అర్థమై, ముగ్గురు వాడి చుట్టూ చేరిపోయారు. మా మీద గోల్స్ పడిపోతున్నాయి.

వాడికి ఆయాసం. ఉన్నట్టుండి బాల్ ఆపి, దాని మీద కూర్చున్నాడు. రిఫరీ విజిల్ ఊదుతూనే ఉన్నాడు.

"నేనేటి కొత్తల్లుడినేట్రా, అన్నీ నాకే వొడ్డిస్తన్నారు? మీరూ ఆడండెహె!"

గ్రౌండ్ మొత్తం నవ్వు. రిఫరీ కూడా నవ్వుతూనే ఎల్లో కార్డ్ చూపించాడు.

తర్వాత వాడు అంచు నుంచి అందించిన క్రాస్‌కే ఒక గోల్ కొట్టాం. మ్యాచ్ ఓడిపోయాం. అయినా వాడిని భుజాల మీదే ఊళ్లోకి తీసుకెళ్లాం. వాళ్లమ్మ, అంటే మా అత్త, గుమ్మంలోనే దిష్టి తీసి, మమ్మల్ని కూడా వరసగా నిలబెట్టి తీసింది.

ఈ ఆదివారం మాకు మ్యాచ్ ఉంది. మొన్న ప్రాక్టీస్‌లో అందరికంటే ముందు పరిగెత్తింది వాడే.

ఈరోజు పొద్దున్న ఆసుపత్రి నుంచి వాడిని ఇంటికి తెచ్చారు.

మా అత్త ఏడవడం లేదు. నా చెయ్యి పట్టుకుని వాడి దగ్గర కూర్చోబెట్టింది.

"ఒరే అల్లుడూ, ఆటకని పిలవరా. ఆటంటే లేస్తాడు. అంత జబ్బులోనే లేసీసినాడు కాదా. పిలవరా."

ఏం చెయ్యను? ఊరంతా చూస్తుండగా పిలిచాను.

"రారా బావా, టైమైపోతంది."

అత్త వాడి మొహంలోకే చూస్తూ ఉంది. కాసేపటికి నా వైపు తిరిగింది.

"ఇంకోపాలి పిలవరా" అంది.

నా వల్ల కాలేదు. లేచి బయటికొచ్చేశాను.

ఇంక నిన్నెవరూ లేపరు బావా. ఆ ఆయాసమంతా తీరేలా చల్లగా పడుకో.