బావ కొండమీది పసుపు గొంతు

మా మేనమామ కొడుకు, నాకు బావ, పలమనేరు దగ్గర పాడి ఆవులు పెట్టుకుని బతుకుతున్నాడు. వాడికున్న వాటిలో నాకు కుళ్లు పుట్టించనిది మీసం ఒక్కటే. మీసం నాదే బాగుంటుంది. వాళ్ల చల్లగాలితో, ఎండిపోని బావితో చిన్నప్పుడే రాజీపడ్డాను. రాజీపడలేనిది ఒక పిట్ట విషయంలో.

పిగిలిపిట్ట అందరికీ తెలుసు. నల్ల జుట్టు, తోక కింద ఎర్ర మచ్చ, కరెంటు తీగ మీద కూర్చుని ఊరందరి గురించీ మాట్లాడేది. నేను చెప్పేది దాని కొండ చుట్టం గురించి. తలా గొంతూ పసుపు, ఒళ్లు బూడిద రంగు, మనిషి అలికిడైతే బండల సందులో దూరేంత సిగ్గు. రాతి గుండ్లూ పొదలూ ఉన్న గుట్టల మీద తప్ప కాపురం పెట్టదు. తిరుపతి అంచున మా ఇంటి వెనక గుట్ట మీద, నేను బడికి పోయే రోజుల్లో, పొద్దున్నే దాని పాటే వినిపించేది.

తర్వాత గుట్టకు ఒక పక్క కంకర మిషను వచ్చింది. ఇంకో పక్క ప్లాట్లు వచ్చినాయి. మిగిలిన పక్క ప్రతి ఎండాకాలం ఎవరో ఒకరు గడ్డికి నిప్పు పెట్టినారు. ఎండలు ముందే వచ్చి, వానలు ఆలస్యమై, బండల సందుల్లోని అడవి మేడిచెట్లు కాయలు కాయడం మానేసినాయి. ఒకరోజు పిట్ట చివరిసారి మా వైపు చూసి ఎగిరిపోయిందని రాస్తే బాగుండును. అట్లాంటిదేమీ జరగలేదు. ఒక ఏడు తక్కువ వినిపించింది, మరుసటేడు ఇంకా తక్కువ. ఎప్పుడు పూర్తిగా ఆగిందో మేము గమనించలేదు. అప్పుడే మా ఇంట్లోకి కొత్త టీవీ వచ్చింది.

ఇప్పుడు నేను ఒక ల్యాబులో రక్తం తీసే పని చేస్తాను. ఆదివారాలు బైనాక్యులర్ మెడకు తగిలించుకుని గుట్టెక్కుతాను. తొండలు చాలా స్పష్టంగా కనిపిస్తాయి. "ఆ దుమ్ములో ఇంకా పిట్టలుంటే అవి మాస్కులు కట్టుకుని ఉంటాయి, గుర్తుపట్టలేవులే" అంటాడు నాయన.

ఇట్లా ఉండగా మొన్న మాఘంలో బావ ఫోన్ చేసినాడు. "బామ్మర్దీ, నువ్వు ఎతికే పసుపుది ఈడ మా కొండ మీద ఉండాదప్పా. పొద్దున లేస్తే ఒకటే గోల."

గోల అన్నాడు.

సెలవు పెట్టి బస్సెక్కినాను. అది వేరే ఏదో పిట్ట అయి ఉండాలని పూతలపట్టు దాటేదాకా మొక్కుకుంటూనే ఉన్నాను. చిత్తూరు దాటి, ఘాటెక్కి, గాలి చల్లబడేసరికి నమ్మకం సడలింది. ఇంత చల్లటి చోట నేనే పిట్టనైతే ఇక్కడే ఉండిపోతాను.

పిట్ట అదే. ఇంటి వెనక కొండ మీద, పెద్ద గుండు పక్కన, పొద మీద కూర్చుని పాడుతోంది. నేను బైనాక్యులర్ సరిచేసుకునేలోగా బావ ఉత్త కళ్లతో దాని జతను కూడా చూపించినాడు.

"ఇది మా గుట్ట నుంచే వచ్చి ఉంటుంది" అన్నాను.

"బస్సులో వచ్చిందా, లారీ ఎక్కిందా?" అన్నాడు.

అంత దూరం వచ్చే పిట్ట కాదది. ఆ సంగతి నాకూ తెలుసు. మా దగ్గర లేకుండా పోయింది, వాళ్ల దగ్గర ఇంకా ఉంది. అంతే. ఆ 'అంతే' దగ్గరే నాకు కడుపు మండుతుంది.

అన్నాలప్పుడు బావ మాటల్లో మాటగా చెప్పినాడు. "రేపు కొండ కాలుస్తాం, ఉండి సూసిపో."

"ఎందుకు?"

"ఎందుకేంది? ఎండిన గడ్డి కాలిస్తే, ఒక్క వాన పడితే లేతది లేస్తాది. ఆవులకు అదే కదా. తాత కాలం నుంచీ ఉండేదే."

నాకు లోపల చిన్న సంతోషం పుట్టింది. వీళ్ల కొండ కూడా మా గుట్ట అయిపోతుంది, ఇద్దరం సమానమైపోతాం. ఒక సంగటి ముద్ద తినేంతసేపు ఆ సంతోషం నిలబడింది. తర్వాత చెయ్యి కడుక్కోవడానికి బయటికొచ్చి బైనాక్యులర్ ఎత్తితే, ఆ పిట్ట ముక్కున ఎండు పరక పట్టుకుని పొదలో దూరింది. గూడు కడుతోంది, సరిగ్గా రేపు కాలబోయే గడ్డి నడుమ.

లోపలికొచ్చి, "కాల్చు బావా" అన్నాను. "మావోళ్లూ అట్లే కాల్చినారు. ఇప్పుడు మేము తొండల్ని సూసుకుంటా ఉండాం."

బావ సంగటి తినడం ఆపినాడు. "మా కొండ మీ గుట్ట మాదిరి అయిపోతాదా?" అన్నాడు, అసహ్యంగా. మా ఊరిని తిడితే ఇంత మేలు జరగడం అదే మొదలు.

కానీ కొండ బావ ఒక్కడిది కాదు. ఆవులున్నోళ్లంతా సాయంత్రం పాల సెంటర్ దగ్గర చేరినారు. గూడు సంగతి చెప్తే ఒక పెద్దాయన, "పిట్టకు ఇల్లు, మా ఆవులకు పస్తా అబ్బా?" అన్నాడు. వాదించి వాదించి చివరికి ఒప్పుకున్నారు. కింది సగం కాల్చుకోవచ్చు. పై సగంలో గడ్డిని చేత్తో కోసి పంచుకోవాలి. నడుమ మంట దాటకుండా నేల బోడిగా చెక్కాలి.

"కోసేదెవరు?" అన్నాడు ఆ పెద్దాయనే.

అందరూ బావ వైపు చూసినారు. బావ నా వైపు చూసినాడు. "మా బామ్మర్ది తిరుపతి నుంచి దానికోసమే వచ్చినాడు."

సన్న సూదితో పనిచేసే చేతులు నావి. మరునాడు మధ్యాహ్నానికే కొడవలి నాకు బొబ్బలు తెప్పించింది. కింద నిప్పు పెట్టినాక గాలి తిరిగింది. మంట చెక్కిన నేల దాకా వచ్చి, ఒక చోట దూకింది. బావా నేనూ పచ్చి ఆకుమండలతో బాది బాది ఆర్పినాం. చూసేవాళ్లకు వీరోచితంగా ఉండొచ్చు. మాకు మాత్రం దగ్గు, కన్నీళ్లు, కాలిన చెప్పు. ఆ పొగలో పిట్ట గొంతు ఎక్కడా వినబడలేదు. బావ చేతిలో మండ పట్టుకునే గుండు వైపు చూస్తూ నిలబడ్డాడు.

తెల్లారి ఇద్దరం పైకెక్కినాం. కింది సగం నల్లగా ఉంది. పొద అట్లే ఉంది, చడీచప్పుడు లేదు. చాలాసేపు కూర్చున్నాం. ఎండ గుండు మీదికి ఎక్కినాక అది పాడింది. ముందు కొంచెం, తర్వాత బావ చెప్పిన గోల మొత్తం. బావ ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినిపించింది.

"వచ్చే ఏడు కూడా గడ్డి కోతకు నువ్వే రావాల" అన్నాడు.

"కొండా మీదే, పిట్టా మీదే. నేనెందుకు?"

"మీ గుట్ట మీద పిట్ట ఉంటే కదప్పా, నువ్వు ఇంటికాడ ఉండేది" అన్నాడు.

కొండ దిగంగానే కొడవలిని వాళ్ల చూరులో దోపినాను, వచ్చే ఏటికి.