గంట నిలవని బ్యాటరీ

మర్నాడు పది నుంచి రెండింటి దాకా శ్రీరాంపూర్‌లో కరెంటు తీస్తామని లైన్‌మన్ చెప్పి వెళ్లాడు. పదకొండుకే నా నౌకరి ఇంటర్వ్యూ. ఇంట్లోంచే, ల్యాప్‌టాప్‌లో, గంటసేపు. నెట్ ఫోన్‌తో అయినా నెట్టుకురావచ్చు, నా పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ మాత్రం నలభై నిమిషాలు నిలిస్తే గొప్ప. నా ఖర్మ!

తిట్టుకుంటూనే లైనక్స్‌లో కరెంటు వాడకం చూపే ప్రోగ్రాం తెరిచాను. ఏది ఎంత తాగుతోందో వరసగా కనబడింది. చూస్తూ చూస్తూ భయం పోయి సరదా పుట్టింది. తెర వెలుతురు తగ్గించాను, ప్రాసెసర్ వేగం తగ్గించాను. అయినా యాభై నిమిషాలు దాటనంటోంది.

గనిలో పని చేసి రిటైరయిన మా నాన్న, బాపు, పక్కనే చాయ్ తాగుతున్నాడు. "ఏందే గంత పరేషాన్?" అన్నాడు. చెప్పాను.

"గనిల మేం నలుగురం కూసోని సద్ది తినెటప్పుడు నెత్తి మీది లైట్లు మూడు బందు పెడుతుంటిమి. పని చేసెటోని లైటు ముట్టుకుంటమా? దాంట్ల ఊకె కూసున్నోడు ఎవడున్నడో జూడు."

అరె! నేనింతసేపూ కష్టపడేవాటినే పీడిస్తున్నాను. మళ్లీ వెతికాను. ఎవరూ అడగని బ్లూటూత్, కీబోర్డు కింది దీపాలు, నేనెన్నడూ వాడని వేలిముద్ర మిషను, నెల నుంచి తీయని పెన్‌డ్రైవ్. అవి మేలుకుని ఉంటే ప్రాసెసర్ కూడా కునుకు తీయదట. ఒక్కొక్కటి ఆపుతుంటే అంకె పెరిగింది. గంట దాటింది!

"బాపూ, నువ్వు ఇంజినీరువే!" అని అరిచాను.

"నీ మొకం" అన్నాడు కానీ నవ్వు ఆగలేదు.

మర్నాడు చెప్పినట్టే కరెంటు పోయింది. తెర మీద వరసగా కూర్చున్న ముగ్గురు అడిగారు, నేను జవాబులిచ్చాను. యాభై నిమిషాలకు ఇరవై రెండు శాతం మిగిలింది. నిన్నటి అంచనా నిజమవుతుందా లేదా? నాకు కుదురు లేదు.

అయిపోయాక, తలుపు బయటే నిలబడ్డ బాపు లోపలికొచ్చాడు. "ఎట్లయింది బిడ్డా?"

"గంట వచ్చింది బాపూ! ఇంకా ఆరు శాతముంది!"

"బ్యాటరీ గాదే. నౌకరి."

ల్యాప్‌టాప్ మెల్లగా మూశాను. చివర్లో నడుమ కూర్చున్నాయన ఏదో అడిగాడు. అప్పుడు నేను తెర మూలన ఉన్న అంకె ఏడా, ఆరా అని చూస్తున్నాను. "అవును సర్" అన్నాను. ఆయన మిగతా ఇద్దరి వంక చూసి, థ్యాంక్యూ చెప్పి ముగించాడు. ఏమడిగాడో నాకు ఇప్పటికీ తెలియదు.