భజనలో తొమ్మిది వేల అడుగులు

డాక్టరు నాకు మూడు నెలలు గడువిచ్చింది. ఈలోగా షుగరు దిగకపోతే మాత్రలు మొదలు. అవి ఒకసారి ఇంట్లోకి వస్తే ఇక వెళ్లే రకం కాదని తెలుసు కనుక, నేను కొంచెం కంగారుపడ్డాను.

క్లినిక్ వాళ్లు చేతికొక బ్యాండు తొడిగి, ఫోనులో మాట్లాడేందుకు ఒక హెల్త్ కోచ్‌ను కుదిర్చారు. మేం వలస వచ్చిన ఈ దేశంలోనే పుట్టిన తెలుగమ్మాయి. రోజుకు ఎనిమిది వేల అడుగులు వేయమంది. ఇంటినుంచే ఉద్యోగం చేసేవాణ్ణి. మంచానికీ ల్యాప్‌టాప్‌కీ మధ్య పద్నాలుగు అడుగులు. మిగతావి ఎలాగా అని కూర్చుని ఆలోచించేవాణ్ణి.

ఆ శనివారం మేముండే కాపెల్ ఊళ్లోనే తెలిసినవాళ్లింట్లో భజన. చప్పట్లు కొడుతుండగా బ్యాండు గిలగిల్లాడింది. చూస్తే తెరమీద బాణసంచా! ఎనిమిది వేలు దాటి తొమ్మిదికి చేరాను. కూర్చున్న చోటునుంచి అంగుళం జరగలేదు. పై శనివారంనుంచి ముందు వరసలో నేనే.

"ప్రసాదం టైముకి కళ్లు తెరిచే మనిషి, ఏంటండీ ఈ భక్తి?" అంది మా ఆవిడ.

"వయసొస్తోంది కదా" అన్నాను.

మూడో వారం కోచ్ ఫోన్ చేసింది. "అంకుల్, శాటర్‌డే నైన్ థౌజండ్! సూపర్! బట్ హార్ట్ రేట్ నిద్రపోయినట్టు ఉంది. ఏం చేశారు?"

"భజనమ్మా."

పగలబడి నవ్వింది. "అంకుల్, బ్యాండ్‌కి మాత్రలు ఇవ్వరు. మీకే ఇస్తారు."

అంత మర్యాదగా నన్నెవరూ తిట్టలేదు.

"భజన మానొద్దు. బట్ అక్కడికి నడిచి వెళ్లండి. ఓకేనా?"

మైలున్నర దూరం. ఆ శనివారం నేనూ మా ఆవిడా బయల్దేరామో లేదో ఒక కారు ఆగింది. "అన్నా, కార్ ఖరాబైందా? ఎక్కుండ్రి!" నడుస్తున్నామంటే నమ్మలేదు. ఇంకో కారు ఆగింది. "వదినా, ఏమైనా గొడవా?" మూడో కారు ఆయన ఏమీ అడగకుండా తలుపు తీశాడు. ముగ్గుర్నీ సాగనంపి, చెమటలు కక్కుతూ చేరాం. గుండె ఢోలక్‌కన్నా జోరుగా కొట్టుకుంటోంది. నిజం చెప్పాలంటే, చాలా బాగుంది.

అప్పట్నుంచి రోజూ భోజనం కాగానే నడిచాం. ఒకరోజు నేను బద్ధకిస్తే మా ఆవిడ నా చెప్పులు తెచ్చి ల్యాప్‌టాప్ పక్కన పెట్టింది.

మూడు నెలలు నిండాయి. రిపోర్టు క్లినిక్ పార్కింగ్‌లోనే ఫోనులో తెరిచాను. షుగరు దిగింది. ఎక్కువ కాదు, మాత్రలు అక్కర్లేనంత. వెంటనే కోచ్‌కి ఫోన్ చేశాను.

"అంకుల్, ఎందుకు ఆయాసపడుతున్నారు? ఆర్ యూ ఓకే?"

అప్పుడు చూసుకున్నాను. కారెక్కడం మరిచిపోయి పార్కింగ్ చుట్టూ తిరుగుతున్నాను.